చుక్కలు లేని చోటు: రాత్రి నడక మీద ఒక కేస్ స్టడీ

రాత్రిపూట బయట నడిస్తే ఐడియాలు వస్తాయని నేను ఎవరికీ గ్యారంటీ ఇవ్వను, అది ముందే చెప్పేస్తున్నాను. రాసేవాళ్ళు, బొమ్మలు వేసేవాళ్ళు, ట్యూన్లు కట్టేవాళ్ళు పని ఆగిపోయి నా దగ్గరికి వస్తారు, వాళ్ళతో కూర్చుని ఎక్కడ ఆగిందో వెతకడం నా వృత్తి. పన్నెండేళ్ళుగా ఇదే పని. నడక పనిచేసినవాళ్ళనీ చూశాను, నెల రోజులు నడిచి కాళ్ళ నొప్పులు తప్ప ఏమీ మిగలనివాళ్ళనీ చూశాను. ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం ఇది బాగా కుదిరిందని కాదు. ఇందులో నేను వరసగా చేసిన తప్పులు మూడు ఉన్నాయి, వాటిలో రెంటిని సరిదిద్దింది క్లయింటే. ఆమె అనుమతితోనే రాస్తున్నాను, ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ఆమె పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తుంది. వయసు ముప్పై దాటింది, పదేళ్ళ అనుభవం ఉంది. అప్పుడు చేస్తున్న పుస్తకం దారి తప్పిన ఒక మబ్బు కథ. 32 పేజీలు, అందులో టైటిల్ పేజీలూ అవీ పోగా ఎదురెదురు పేజీలు కలిపి వేసే పెద్ద బొమ్మలు, వాళ్ళ భాషలో స్ప్రెడ్లు, 14. ఆరు అయిపోయాయి. ఏడో స్ప్రెడ్‌లో చీకటి పడుతుంది, ఎనిమిదో దాంట్లో మబ్బు అడవి మీదికి వెళ్ళిపోతుంది. అక్కడే రెండున్నర నెలలుగా బండి ఆగిపోయింది.

బద్ధకమేమో అనుకునేరు, అస్సలు కాదు. రోజూ ఉదయం తొమ్మిదికల్లా టేబుల్ ముందు కూర్చునేది, రోజూ వేసేది. మొదటి సెషన్‌కి ఒక ఫైలు నిండా రఫ్ స్కెచ్‌లు పట్టుకొచ్చింది, నలభై దాకా ఉంటాయి. ఒక్కొక్కటీ చూస్తూ పోతుంటే నాకే అర్థమైంది. అన్నింట్లోనూ మబ్బు ఒక దూది ఉండ. పైన తెల్లగా గుండ్రటి అంచులు, అడుగున కాస్త నీలం నీడ. చీకట్లో ఉన్న మబ్బు కూడా దూది ఉండే, కాకపోతే బూడిద రంగు దూది. "సార్, చెయ్యి తిరిగింది, ఆ ఇబ్బందేం లేదు. కన్నే తిరగట్లేదు" అంది. నా నోట్స్‌లో మొదటి లైను అదే.

నడక ఎందుకు చెప్పానో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అప్పట్లో నేను చెప్పుకున్న కారణం ఒకటి, ఇప్పుడు నమ్ముతున్నది ఇంకొకటి.

2014లో స్టాన్‌ఫర్డ్‌లో మారిలీ ఒపెజ్జో, డేనియల్ ష్వార్ట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పేపర్ ప్రచురించారు. చొక్కా గుండీ లాంటి మామూలు వస్తువు పేరు చెప్పి, దాన్ని ఎన్ని కొత్త రకాలుగా వాడొచ్చో చెప్పమన్నారు. కూర్చుని చెప్పినప్పటి కంటే నడుస్తూ చెప్పినప్పుడు సగటున 60 శాతం దాకా ఎక్కువ కొత్త ఆలోచనలు వచ్చాయి. ఇందులో నాకు బాగా నచ్చే సంగతి ఏమిటంటే, ఖాళీ గోడ వైపు తిరిగి ట్రెడ్‌మిల్ మీద నడిచినవాళ్ళకీ లాభం కనపడింది, అంటే చెట్లూ గాలీ కాదు, కాళ్ళు కదలడమే ముఖ్యమన్నమాట. నడిచి వచ్చి కూర్చున్నాక కూడా ఆ ఊపు కాసేపు నిలిచింది. కానీ అదే పేపర్లో ఇంకో ముక్క ఉంది, నడక గొప్పతనం గురించి చెప్పేవాళ్ళు సాధారణంగా అక్కడిదాకా రారు. మూడు మాటలిచ్చి వాటన్నింటికీ అతికే ఒక్క మాట చెప్పమంటే, అంటే ఒకే ఒక సరైన జవాబు కావాల్సిన పనిలో, నడిచేవాళ్ళు కాస్త వెనకబడ్డారు. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక చీకటి సంగతి. 2013లో జర్మనీ పరిశోధకులు అన్నా స్టైడ్లె, లియోబా వెర్త్ మసక వెలుతురు మీద ప్రయోగాలు చేశారు. 1500 లక్సుల (లక్సు అంటే వెలుతురు కొలిచే యూనిట్) పెద్ద వెలుతురులో కూర్చున్నవాళ్ళ కంటే, 150 లక్సుల మసకలో కూర్చున్నవాళ్ళు సృజనాత్మక సమస్యలను బాగా విప్పారు. కట్టుబాట్లేమీ లేవన్న స్వేచ్ఛ వల్ల అలా జరుగుతుందని వాళ్ళ వివరణ. నేను ఈ రెంటినీ కలిపేసి, నడక ప్లస్ చీకటి కాబట్టి డబుల్ లాభం అని లెక్క కట్టాను. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం అంటే ఇదే. వాళ్ళది గదిలో కూర్చుని చేసిన ప్రయోగం, అందులో నడిచినవాళ్ళెవరూ లేరు. పైగా 150 లక్సులంటే హాయిగా పుస్తకం చదువుకోవచ్చు, నిండు పున్నమి వెన్నెల అర లక్సు కూడా ఉండదు. ఆ పేపర్లోని మసక వేరు, రాత్రి వేరు.

ఈమె విషయంలో రాత్రి పనికొచ్చింది కంటి వల్ల అని ఇప్పుడనుకుంటున్నాను. పగటిపూట రంగులు చూసే కణాలు చీకట్లో పనిచేయవు, వేరే కణాలు డ్యూటీ ఎక్కుతాయి, వాటికి రంగు తెలియదు, సన్నటి వివరం తెలియదు. అవి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. చూపు సరిగ్గా నడిమధ్యలో అవి అసలు ఉండవు, అందుకే మినుకుమినుకుమనే చుక్కని సూటిగా చూస్తే మాయమవుతుంది, కాస్త పక్కకి చూస్తే కనపడుతుంది. పొద్దుగూకేటప్పుడు ఎర్ర పువ్వు నల్లబడిపోతుంది, దాని పక్కనున్న ఆకు మాత్రం తేలిగ్గా వెలుగుతున్నట్టు ఉంటుంది. 19వ శతాబ్దంలో దీన్ని గమనించిన శాస్త్రవేత్త పేరు మీద పుర్కిన్యే ఎఫెక్ట్ అంటారు. పదేళ్ళుగా పువ్వంటే ఎరుపు, మబ్బంటే తెలుపు అని వేసిన మనిషికి, నువ్వు అనుకున్నట్టు లేదు చూడు అని కన్నే చెబుతుంది. ఎదురుగా కూర్చుని నేను వందసార్లు చెప్పినా ఆ పని జరగదు.

సరే, నా తప్పుల దగ్గరికి వస్తాను.

రెండో సెషన్‌లో ఠీవిగా చెప్పాను: "రోజూ రాత్రి పదిన్నరకి బయల్దేరండి, నలభై నిమిషాలు, ఒక్కరే నడవండి, మనసులోకి ఏమొస్తే అది రానివ్వండి." ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "సార్, ఇది చెప్పడం మీకు తేలిక. పదిన్నరకి నేను ఒక్కదాన్నే రోడ్డు మీద నడిస్తే నాకు వచ్చే ఆలోచనలు బొమ్మల గురించి ఉండవు. వెనక వస్తున్నది ఎవరా అని ఉంటాయి" అంది. ఆ గదిలో నా మొహం ఎలా ఉందో తెలీదు గానీ, ఇంతకాలం రాత్రిళ్ళు జేబుల్లో చేతులు పెట్టుకుని తిరిగిన నాకు ఆ సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు. భయం ఉన్నచోట మనసు ఎటూ తిరగదు, కాపలా కాస్తుంది, అంతే. ఆ తర్వాత ఇంకెవరికైనా రాత్రి నడక చెప్పాలంటే మొదట అడిగేది అదే: ఎక్కడ, ఏ టైమ్‌లో, ఎవరు తోడుంటే మీరు వెనక్కి తిరిగి చూడకుండా నడవగలరు?

పరిష్కారం ఆమే వెతుక్కుంది. తమ్ముణ్ణి తీసుకెళ్ళింది. మొదటి రెండు రోజులూ పూర్తిగా దండగ, ఎందుకంటే అతను దారిపొడవునా తన ఆఫీసు గొడవలు చెప్పాడు, ఆమె అక్కగా సలహాలు చెప్పింది, ఇద్దరూ ఇంటికొచ్చి పడుకున్నారు. మూడో రోజు ఒప్పందం కుదిరింది: అతను ఇరవై అడుగులు వెనక నడవాలి, ఇల్లు చేరేదాకా ఇద్దరూ నోరు విప్పకూడదు. "అక్కా, జీతం లేని బాడీగార్డ్‌ని చేశావు నన్ను" అన్నాడట.

రెండో తప్పు ఫోన్. తోచినవన్నీ వాయిస్ రికార్డ్ చేయమన్నాను. ఒక్క వారంలో 23 రికార్డింగ్‌లు పంపింది. అన్నీ విన్నాను. వింటున్నంతసేపూ ఏదో తేడా కొడుతోంది, ఏడెనిమిది విన్నాక గానీ అదేమిటో తెలియలేదు. "సార్, ఇప్పుడు నేను ఒక పెద్ద చెట్టు కింద ఉన్నాను, దీని నీడ నాకు ఒక చెయ్యిలా అనిపిస్తోంది..." అంతా ఇలాగే ఉంది. చక్కటి వాక్యాలు, వ్యాకరణం తప్పు లేదు. అంటే ఆమె చూడట్లేదు, నాకు రిపోర్ట్ ఇస్తోంది. తనను ఎవరూ గమనించని చోటికి పంపుతున్నానని నేను అనుకుంటుంటే, నేనే ఆమె చెవి పక్కన నిలబడ్డాను. దానికి తోడు ఫోన్ తీసిన ప్రతిసారీ స్క్రీన్ వెలుతురు కంట్లో కొడుతుంది, పావుగంట నుంచి చీకటికి అలవాటు పడుతున్న కన్ను మళ్ళీ మొదటికొస్తుంది. ఇది చాలదన్నట్టు అడుగులు లెక్కపెట్టే యాప్ ఒకటి. ఆరు వేలు దాటలేదని ఒకరోజు ఇంటి ముందే అటూ ఇటూ తిరిగి లెక్క పూర్తి చేసిందట!

ఫోన్ తమ్ముడి జేబులోకి వెళ్ళింది. బదులుగా ఏం పట్టుకెళ్ళాలో నేను చెప్పేలోపే ఆమె చెప్పింది: పాత ఆహ్వాన పత్రికల అట్టని నాలుగు ముక్కలుగా కోసి రోజుకి ఒక ముక్క, ఒక పొట్టి పెన్సిలు. నేను కలిపిన షరతు ఒకటే, బొమ్మ గీయకూడదు, మాటలే రాయాలి. చీకట్లో రాసేది కనపడదు కదా, లైన్ మీద లైన్ పడిపోతుంది, కొట్టివేతలు కుదరవు. ఆమె ఇచ్చిన ముక్కలు ఇప్పటికీ నా దగ్గర కొన్ని ఉన్నాయి. ఒకదాని మీద "కుక్క మొరుగు గుండ్రం", ఇంకోదాని మీద "గోడ నాకంటే ముందు చల్లబడింది" అని ఉంటాయి. నలభై స్కెచ్‌లలో దూది తప్ప ఏమీ లేని మనిషి రాసినవేనా ఇవి అనిపిస్తుంది. వీటిలో పుస్తకానికి పనికొచ్చినవి చాలా తక్కువ, అది వేరే విషయం.

మూడో తప్పు టైమ్. పదిన్నరకి బయల్దేరి పదకొండు దాటాక ఇంటికొస్తే, ఒంటిగంట దాకా నిద్ర పట్టదు, పొద్దున తొమ్మిదికి టేబుల్ ముందు కళ్ళు మూతలు పడతాయి. ఐడియాలు వస్తున్నాయి అని ఆమె హుషారుగా చెబుతుంటే నేనూ ఆ హుషారులో పడి నిద్ర గురించి రెండు వారాలు అడగలేదు. అడిగాక నడకని చీకటి పడిన గంటకి మార్చాం. చీకటి చీకటే, పదిన్నరకి ప్రత్యేకమైన మహిమేమీ లేదు.

ఇంకొకటి కూడా మార్చాం, అది తప్పు అనను గానీ మొదట్లో తోచలేదు. "ఏమొస్తే అది రానివ్వండి" అని పంపితే నిజంగానే ఏమొస్తే అది వచ్చింది: కట్టాల్సిన బిల్లు, చేయాల్సిన ఫోన్లు. నడకలో దొరికిన పెద్ద ఆలోచన అనగానే అందరూ గణిత శాస్త్రవేత్త విలియం రోవన్ హామిల్టన్ని చెబుతారు. 1843 అక్టోబర్ 16న డబ్లిన్‌లో కాలువ గట్టున భార్యతో నడుస్తుంటే క్వాటర్నియన్ల (నాలుగు భాగాలుండే ఒక రకం సంఖ్యల) సూత్రం తట్టి, అక్కడి వంతెన రాతి మీద చెక్కేశాడు. అది పట్టపగలు, తోడు మనిషి ఉంది, చీకటి లేదు, ఏకాంతం లేదు. ఉన్నది ఒకటే, ఆ సమస్య తనను కనీసం పదిహేనేళ్ళుగా వెంటాడుతోందని తర్వాత ఆయనే రాశాడు. పదిహేనేళ్ళు మనకి కుదరదు కాబట్టి పది నిమిషాలు పెట్టాం. బయల్దేరే ముందు ఏడో స్ప్రెడ్ ముందు కూర్చుని, ఏమీ గీయకుండా చూసి, ప్రశ్న ఒక్క లైన్‌లో పైకి అనాలి. "ఏం చేయాలి" అని కాదు. ఆమె ప్రశ్న చివరికి ఇలా తేలింది: "చీకట్లో మబ్బు ఎలా ఉంటుంది?" పిల్లలు అడిగే ప్రశ్న. నలభై స్కెచ్‌లు వేసినా, ఆ రెండున్నర నెలల్లో ఆమె ఒక్కసారి కూడా రాత్రి తలెత్తి మబ్బుని చూడలేదు, అది ఆమే చెప్పింది నవ్వుతూ.

మొదటి కదలిక నాలుగో వారం మొదట్లో వచ్చింది. అట్ట ముక్క మీద: "మబ్బు కింద నుంచి వెలుగుతోంది. తలకిందులు." పగలు ఎండ పైనుంచి పడుతుంది కాబట్టి మబ్బు నెత్తి తెల్లగా, అడుగు నల్లగా ఉంటుంది, ఆమె దూది ఉండల్లో ఉన్న నీలం నీడ అదే. రాత్రి దీపాలున్న వీధుల మీద మబ్బుకి వెలుతురు కింద నుంచే వస్తుంది, అందుకని అడుగు వెలుగుతుంది, పైభాగం చీకట్లో కలిసిపోతుంది, మొత్తం మీద ఆకాశం కంటే మబ్బే తెలతెల్లగా ఉంటుంది. ఏడో స్ప్రెడ్ దీనితోనే దారిలో పడింది. ఎనిమిదోది, అంటే అడవి మీది మబ్బు, అలాగే ఉంది. అడవిలో దీపాలుండవు కదా.

రెండు రోజుల తర్వాత నడక మధ్యలో కరెంటు పోయింది.

దీన్ని నేను ప్లాన్ చేయలేదని చెప్పక్కర్లేదు. వీధి దీపాలు, ఇళ్ళలో లైట్లు అన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. ఆమె మాటల్లోనే చెబితే, తల మీదున్న మబ్బు "ఎవరో తుడిచేసినట్టు" పోయింది. తమ్ముడు దగ్గరికి వచ్చేశాడు, ఇద్దరూ కదలకుండా నిలబడ్డారు, ఫోన్ లైట్ వేయబోతే వద్దంది. రెండు మూడు నిమిషాలు గడిచాక ఒక్కొక్క చుక్కే బయటపడటం మొదలైంది, అంతకుముందు దీపాల వెలుగులో నాలుగైదు కంటే కనపడని ఆకాశంలో కాసేపటికి లెక్కపెట్టలేనన్ని. మబ్బు ఏమైపోయిందా అని ఆమె వెతుకుతోంది. అప్పుడు తమ్ముడు ఒప్పందం మరిచిపోయి అన్నాడు: "అక్కా, అదుగో, అక్కడ చుక్కల్లేవు చూడు."

నల్లటి ఆకాశంలో ఇంకా నల్లగా ఒక ముద్ద, అంచు లేదు, నీడ లేదు, రంగు లేదు, అక్కడ చుక్కలు లేకపోవడమే దాని ఆకారం, మెల్లగా జరుగుతూ ఒక పక్క చుక్కల్ని మింగుతోంది, ఇంకో పక్క వదిలేస్తోంది. ఆ రోజు అట్ట ముక్క మీద మూడే మాటలున్నాయి: "చుక్కలు లేని చోటు". అవీ ఒకదాని మీద ఒకటి ఎక్కేసి ఉన్నాయి.

ఇంటికెళ్ళగానే గీయాలని ఆమెకి చేతులు ఆగలేదు. మాకున్న నియమం ప్రకారం రాత్రి గీయకూడదు, ఏదీ ఖాయం చేయకూడదు. ఇందాక గుర్తుంచుకోమన్న ముక్క ఇక్కడికి వస్తుంది. నడిచి వచ్చిన ఊపులో పదీ పదిహేనూ పుడతాయి గానీ వాటిలో ఏది నిలుస్తుందో తేల్చే పని ఆ ఊపులో సరిగ్గా జరగదని నా అనుభవం. మర్నాడు ఉదయం మంచి వెలుతురులో కూర్చుని అగ్గిపెట్టె సైజు బొమ్మలు పదహారు వేసింది. పదిహేను కొట్టేసింది. మిగిలినదాంట్లో మబ్బే లేదు. రెండు పేజీల నిండా అడవి నెత్తిన చుక్కలు, మధ్యలో ఒకచోట మాత్రం లేవు, పుస్తకం పట్టుకున్న పిల్ల మబ్బు ఏదీ అని వేలు పెట్టి వెతుక్కోవాలి. మిగతా ఆరు స్ప్రెడ్లు ఐదు వారాల్లో అయిపోయాయి.

ఇంత చెప్పాక ఇందులో రాత్రి నడక వాటా ఎంత అంటే, నిజాయితీగా తేల్చలేను. మూడో వారంలో ఆమె ఎడిటర్ డెడ్‌లైన్ మూడు వారాలు పొడిగించింది, టెన్షన్ తగ్గింది. సాయంత్రాలు ఫోన్ పక్కన పడేసింది. వారానికోసారి నాతో మాట్లాడుతోంది. కరెంటు పోయింది. అసలు మాట అన్నది తమ్ముడు, ఆ సంగతి అతను ఇప్పటికీ గుర్తుచేస్తూనే ఉన్నాడట. భౌతిక శాస్త్రవేత్త హైసెన్‌బర్గ్ 1927లో కోపెన్‌హాగెన్‌లో రాత్రివేళ ఇన్‌స్టిట్యూట్ వెనక పార్కులో నడుస్తుండగా అనిశ్చితత్వ సూత్రానికి, అంటే కణం ఎక్కడుందో ఎంత వేగంగా పోతోందో రెండూ ఒకేసారి కచ్చితంగా తెలియవనే సూత్రానికి, దారి దొరికిందని చెబుతారు, నిజమే, ఆయనే రాసుకున్నాడు. అంతకుముందు నెలల తరబడి ఆ ఇన్‌స్టిట్యూట్‌ని నడిపే భౌతిక శాస్త్రవేత్త నీల్స్ బోర్‌తో అర్ధరాత్రి దాకా వాదించాడు, ఆ సమయానికి బోర్ నార్వేకి స్కీయింగ్‌కి వెళ్ళాడు. క్రెడిట్ పార్కుకివ్వాలా, వాదనకా, బోర్ ఊళ్ళో లేకపోవడానికా? నాకు తెలిసి విడదీయడం కుదరదు.

పనిచేయని కేసు కూడా ఒకటి చెప్పాలి. దాదాపు అదే రోజుల్లో ఒక సంగీత దర్శకుడికి ఇదే నడక చెప్పాను. అతనికి ట్యూన్ అంతా కుదిరింది, ముగింపు ఒక్కటే కుదరట్లేదు. నడిచిన ప్రతిరోజూ ఐదు కొత్త ముగింపులతో వచ్చేవాడు, అప్పటికే ఉన్న పన్నెండుకి అవి కలిసేవి. అతనికి కావాల్సింది ఇంకో ముగింపు కాదు, ఉన్నవాటిలో ఒకదాన్ని పట్టుకుని మిగతావి వదిలేయడం. వారానికే ఆపించి, తలుపులు వేసుకుని కీబోర్డ్ ముందు కూర్చోమన్నాను. రాత్రి చూపు మందగించినవాళ్ళకి, ముందే నిద్ర సమస్య ఉన్నవాళ్ళకి కూడా నేనిది చెప్పను.

మబ్బు పుస్తకం ప్రింటింగ్ దాకా వెళ్ళింది, అక్కడ కొత్త గొడవ మొదలైంది. చుక్కల్ని ఆమె తెల్ల రంగుతో వేయలేదు, సిరా పడకుండా కాగితాన్నే వదిలేసేలా పెట్టింది. మొదటి ప్రూఫ్‌లో, అంటే సరిచూసుకోడానికి తీసే అచ్చు నమూనాలో, ముదురు సిరా పాకి చిన్న చుక్కలన్నీ పూడుకుపోయాయి, దాంతో పేజీ మొత్తం చుక్కలు లేని చోటే అయింది. రెండో ప్రూఫ్‌కి చుక్కలు పెద్దవి చేసింది, ఈసారి అవి పిండి చల్లినట్టు ఉన్నాయి. ఎడిటర్ భయపడి మబ్బు చుట్టూ సన్నటి గీత ఒకటి గీద్దాం, పిల్లలకి తెలియాలి కదా అంది. ఈమె ఒప్పుకోలేదు. మూడో ప్రూఫ్ నిన్ననే వచ్చిందట, పట్టుకుని పొద్దున నాకు చూపించింది. లైటు కింద మబ్బు కనపడుతోంది. కిటికీ దగ్గర కనపడట్లేదు. సంతకం ఇంకా పెట్టలేదు.